క్షమాభిక్ష మర్నాడు

“ఆ ఫోన్ పెట్టేయ్ ఐలీ,” అన్నాడు ఆర్విడ్.

ఐలి పెట్టలేదు. మంచు అంటిన బూట్లయినా విప్పకుండా అతని వంటింట్లోకి వచ్చి, తెచ్చిన యాలకుల రొట్టె బల్ల మీద పడేసి, నేరుగా గోడకున్న ఫోన్ అందుకుంది. వెస్లీ నంబరు ఆమెకు కంఠతా వచ్చు. ఆర్విడ్ భార్య మార్తా పోయేముందు చెప్పి వెళ్లింది.

“నిన్న రేడియో వినలేదా? కార్టర్ అధ్యక్షుడి కుర్చీలో కూర్చున్న మర్నాడే సంతకం పెట్టేశాడు. వియత్నాం వెళ్లకుండా పారిపోయిన పిల్లలందరికీ క్షమాభిక్ష. నీ కొడుకిక కెనడాలో దాక్కోనక్కర్లేదు.”

“విన్నాను. క్లబ్బులో మాజీ సైనికులు జెండా సగానికి దించారు. వేరుశెనగలు పండించుకునేవాణ్ణి గద్దెనెక్కిస్తే ఇంతేనంటున్నారు.”

“వాళ్ల గోల సరే. నువ్వేమంటావు?”

ఆర్విడ్ కాఫీ కప్పు పక్కకి జరిపాడు.

యుద్ధం జరిగినన్నాళ్లూ ఊళ్లో ఏ కుర్రాడు సైన్యంలోకి వెళ్లాలో తేల్చే బోర్డుకి అతనే పెద్ద. సొంత కొడుకు వంతు వచ్చినప్పుడు మినహాయింపు అడగలేదు. వెస్లీ రాత్రికి రాత్రి నది దాటి కెనడా పారిపోతే, తెల్లారగానే తనే వెళ్లి షెరిఫ్‌కి చెప్పాడు. ఆ నెల ఊరి నుంచి పంపాల్సిన వాళ్లలో ఒకరు తగ్గారు. తర్వాతి పేరు ఐలి కొడుకు డీన్‌ది.

డీన్ పెట్టెలో తిరిగొచ్చాడు.

అప్పటినుంచి ఐలి ఒక్క మాట పట్టుకుని బతుకుతోంది. ఆర్విడ్ పక్షపాతం చూపలేదు. తన బిడ్డకైనా పరాయి బిడ్డకైనా ఒకటే న్యాయం. ఆ మాటే లేకపోతే ఆమెకు కంటిమీద కునుకు ఉండేది కాదు.

“నాకు మండలేదనుకోకు,” అంది. “వార్త వినగానే రేడియో కట్టేశాను. వెళ్లినవాడికి సమాధి, వెళ్లనివాడికి క్షమాభిక్షా అని. పొద్దున లేచాక అనిపించింది, పాపం వాడు భయపడ్డాడు. నా వాడూ భయపడ్డాడు. పైకి చెప్పలేదు, అంతే.”

“వాడి కోసం నువ్వు బతిమాలకు ఐలీ. ఎవరైనా సరే, నువ్వు మాత్రం వద్దు.”

“నేను కాక ఎవరు బతిమాలాలి? నేనే వదిలేశాక నీకేం పట్టుదల? తల్లిని మట్టిలో పెడుతుంటే కూడా రాలేకపోయాడు. రేపు నువ్వూ పోతే ఎవరి మొహం చూడ్డానికి వస్తాడు?”

“అది కాదు...”

“నిన్ను చూసే కదయ్యా నేను నిలబడ్డాను. నీ కొడుకుని నువ్వు దాచుకోలేదు. దాచుకునుంటే ఈ గడప తొక్కేదాన్నా?”

ఆర్విడ్ కుర్చీలోంచి సగం లేచి మళ్లీ కూలబడ్డాడు. మంకుపట్టు సడలుతోందనుకుంది ఐలి. నంబరు తిప్పింది.

అవతల మగగొంతు పలికింది. బాగా ముదిరిన గొంతు.

“వెస్లీ, నేనురా. డీన్ వాళ్లమ్మని.”

అటునుంచి ఏడుపు వినిపించింది.

“ఆంటీ, డీన్ నా వల్లే...”

“అవన్నీ తర్వాత. మీ నాన్న నా పక్కనే ఉన్నాడు. ఇంటికి వచ్చేయమంటున్నాడు.”

అబద్ధమే. ఆర్విడ్ కాదనలేదు. రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. రిసీవర్ అందివ్వబోతే తల అడ్డంగా ఊపాడు. పోనీ, కన్నీళ్లయినా వచ్చాయి కదా అనుకుంది ఐలి. డీన్ పోయాక మొదటిసారి ఆమె గుండె కాస్త తేలికపడింది.

“మీ నాన్నకి మాట రావడం లేదురా. ఇంతకీ ఎలా వస్తావు, బస్సుకా?”

“బస్సెందుకు ఆంటీ, ఆ రాత్రి నది దగ్గర నాన్న నన్ను కారులో దింపిన చోటికే ఆయన్ని రమ్మనండి.”