గుమ్మటం కింద రెండు కుర్చీలు

తెల్లారేసరికే మేస్త్రీకి ముచ్చెమటలు పోశాయి.

ఆ రోజు కొత్త పురమందిరం గుమ్మటం కింద ఊతగుంజలు తీస్తారు. తీసేటప్పుడు కట్టిన మేస్త్రీ సరిగ్గా గుమ్మటం నడిమధ్య కుర్చీ వేసుకుని కూర్చోవాలి. ఆ ఊరి ఆనవాయితీ అది. వంతెన కట్టినవాడు వంతెన కింద కూర్చున్నాడు. రైలు స్టేషను కట్టినవాడు దాని కప్పు కింద కూర్చున్నాడు. ఇద్దరూ శుభ్రంగా లేచి ఇంటికెళ్ళి భోంచేశారు. మొన్నీమధ్య మార్కెట్టు కట్టినవాణ్ణి మాత్రం ఇటుకల్లోంచి వెతికి తీయాల్సి వచ్చింది.

కూర్చోనంటే ప్రాణం దక్కుతుంది. కానీ గుమ్మటాన్ని పడగొట్టేస్తారు. ఆ తర్వాత అతని చేతికి తాపీ ఇచ్చే నాథుడుండడు.

మేస్త్రీ పనిమంతుడే. భయమల్లా వానది. పైవరసలు కడుతుండగా ముసురు పట్టి రోజుల తరబడి వదల్లేదు. పని ఆపేసి, గుంజలు అలాగే ఉంచి ఆరబెట్టారు. లోపల సున్నం గట్టిపడిందో, ఇంకా పచ్చిగానే ఉందో దేవుడికే ఎరుక.

భార్య మాత్రం నిమ్మకు నీరెత్తినట్టు ఉంది. పోయిన వారం ఒళ్ళు కాలిపోయే జ్వరంతో పడకేసింది. ముద్ద ముట్టలేదు, పలకరిస్తే ఉలిక్కిపడింది. ఇప్పుడేమో కూనిరాగం తీస్తూ అతని కోటుకు గుండీ కుడుతోంది.

"ఇప్పుడు ఆ గుండీ లేకపోతే వచ్చిన నష్టమేంటి?" అన్నాడు మేస్త్రీ.

"ఊరంతా చూస్తుంటే గుండీ ఊడిన కోటుతో కూర్చుంటారా? నా పరువేం కాను?"

"గుమ్మటం నెత్తిన పడ్డాక నీ పరువు ఎవడిక్కావాలి?"

"పడదు లెండి."

"నీకెలా తెలుసు?"

"కట్టింది మీరు కాబట్టి," అని దారాన్ని పంటితో కొరికింది.

మేస్త్రీకి ఒళ్ళు మండింది. మొగుడు చావుకు ముస్తాబవుతుంటే మనిషికి చీమ కుట్టినట్టయినా లేదు. ఇన్నేళ్ళు కాపురం చేసింది ఈ రాతిగుండెతోనా అనుకున్నాడు. ఏడ్చి కాళ్ళు పట్టుకుని ఆపితే బాగుండుననిపించింది. ఆపితే ఆగేవాడు కాదు. అయినా ఆపాలి కదా.

మందిరం ముందు జనం కిటకిటలాడుతున్నారు. పురసభ అధ్యక్షుడు కూడా వచ్చాడు. గుమ్మటం నీడైనా తన మీద పడనంత దూరం చూసుకుని నిలబడ్డాడు.

లోపల ఎటు చూసినా గుంజలే. ప్రతి గుంజ కిందా బిగించిన కొయ్య చీల ఉంది. చీల ఊడగొడితే గుంజ వదులవుతుంది. ఇక గుమ్మటం తన బరువు తనే మోసుకోవాలి. ఊడగొట్టే పని వడ్రంగిది. వడ్రంగి మేస్త్రీ భార్యకు స్వయానా అన్న.

"మెల్లగా కొట్టు బావా," అన్నాడు మేస్త్రీ.

వడ్రంగి అతని మొహంలోకి చూడకుండా తలూపాడు.

మేస్త్రీ కుర్చీలో కూలబడ్డాడు. నోరు పిడచకట్టుకుపోయింది. భార్య కుట్టిన గుండీని పెట్టి, తీసి, మళ్ళీ పెట్టాడు.

ఇంతలో వెనక కర్ర ఈడ్చిన చప్పుడైంది. భార్య ఇంకో కుర్చీ లాక్కుంటూ వస్తోంది.

"నీకేమన్నా మతి పోయిందా? అవతలికి పో."

"మేస్త్రీ కూర్చోవాలన్నారు గానీ, పెళ్ళాం కూర్చోకూడదన్నారా?"

"పిచ్చి వేషాలెయ్యకు. నీకు దణ్ణం పెడతాను, వెళ్ళు."

"బయట కూర్చునే చోటు లేదండీ. నిలబడితే నాకు కాళ్ళ నొప్పులు."

అతని కుర్చీకి ఆనించి వేసుకుని కూర్చుంది. అప్పటిదాకా తన ప్రాణానికే భయపడ్డ మేస్త్రీకి భయం రెట్టింపయింది. లేచి ఆమెను బయటికి ఈడ్చుకెళ్దామంటే వీల్లేదు. ఒకసారి లేచిన మేస్త్రీ ఓడిపోయినట్టే లెక్క.

"బావా, ఆగు. ముందు దీన్ని తీసుకుపో," అని అరిచాడు.

వడ్రంగి చెల్లెలి వైపు చూశాడు. ఆమె తలూపింది. సుత్తి దెబ్బ పడింది.

మేస్త్రీ కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. మొదటి గుంజ దభీమని నేల మీద పడింది. పైనుంచి సున్నం పొడి రాలి మెడ మీద పడింది. అయిపోయింది, దీన్ని కూడా చంపుకున్నాను అనుకున్నాడు. తడుముకుని ఆమె చెయ్యి పట్టుకున్నాడు. గుంజలు వరసగా పడుతున్నాయి. ప్రతి చీలా ఒక్క దెబ్బకే ఊడి వస్తోంది.

"వడ్రంగిది ఏం చెయ్యిరా," అని బయట ఎవరో మెచ్చుకున్నారు. మేస్త్రీ చెవికి అదేం ఎక్కలేదు. పై నుంచి రాబోయే చప్పుడు కోసమే వింటున్నాడు.

చివరి గుంజ కూడా పడింది. పైనుంచి ఇంకేమీ రాలలేదు.

"ఇక కళ్ళు తెరవండి," అంది భార్య.

తెరిచాడు. గుమ్మటం ఉండాల్సిన చోటే ఉంది.

జనం లోపలికి తోసుకొచ్చారు. ఇప్పుడు ధైర్యం వచ్చిన అధ్యక్షుడు అందరికంటే ముందు వచ్చి మేస్త్రీ భుజం తట్టాడు. మేస్త్రీ ఆ గుంపులోనే సిగ్గు విడిచి ఏడ్చేశాడు.

ఇంటికి వెళ్ళేటప్పుడు దారిలో భార్యను అడిగాడు.

"నీకు పిసరంతైనా భయమెయ్యలేదా?"

"భయమెందుకు? మీ చేతిపని మీద నాకు నమ్మకం లేదా?"

మేస్త్రీ పొంగిపోయాడు. ఆ మాట కనపడిన వాళ్ళందరికీ చెప్పుకుని ముసలితనం దాకా మురిసిపోయాడు.

గుంజలు తీయడానికి ముందు వారం ఎవరూ లేని మిట్టమధ్యాహ్నం, అన్నగారిని బతిమాలి చీలలన్నీ వదులు చేయించి, ఆయన్ని కూడా బయటికి పంపేసి, గుంజలు పేరుకే నిలబడ్డ ఆ గుమ్మటం కింద ఆవిడ ఒక్కతే కూర్చుని వచ్చిందని మాత్రం అతనికి ఎవరూ చెప్పలేదు.