గోడవార అడ్డసరం

"ఏమయ్యా, ఇది ఇల్లనుకున్నావా, ఇంకేమన్నా అనుకున్నావా?"

కిటికీ రెక్క తోసి షాహిస్తా అడిగింది. గోడవైపు తిరిగి నిలబడ్డ మనిషి తల కూడా ఎత్తలేదు. పని కానిచ్చుకుని, ప్యాంటు సర్దుకుని, "గోడ బైటే గదమ్మా, లోపలికేం రాలేదుగా," అంటూ ఆటో స్టాండు వైపు నడిచాడు.

ఆమె కిటికీ మూసేసి ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుంది. గురజాలలో ఆటోలు ఆగే చోటుకు పక్కనే వాళ్ళ ఇల్లు. ప్రహరీ గోడ బయట వరసగా వేపచెట్లు, వాటి కింద రోడ్డు దాకా ఓ పట్టీ నేల. చల్లటి నీడ. దారిన పోయే ప్రతి మగాడికీ ఆ నీడే కావాలి. గోడ అడుగున సున్నం పెచ్చులూడింది. పసుపు చారలు, గుట్కా ఉమ్ములు, వాటిమీద ముసిరే ఈగలు. గోడకు ఇవతలే ఆమె నమాజు చేసుకునే గది. సజ్దాకు నుదురు నేలకు ఆనిస్తే ముందు తగిలేది ఆ కంపే.

ఆమె భర్త సుభానీ టైలరు. 'ఇక్కడ మూత్రం పోయరాదు' అని ఎర్రరంగుతో గోడమీద రాయించాడు. జనం అది చదువుకుంటూనే పోశారు.

"ఇంక నావల్ల కాదు. మనిషి నిలబడటానికి లేకుండా మొక్కలు పెడతా," అంది షాహిస్తా.

"వేపచెట్ల కిందా? అక్కడ గడ్డి గూడా మొలవదు."

అతనన్నట్టే అయింది. నర్సరీ కాలేబు మాట విని తెచ్చిన క్రోటన్లు ఎండ లేక రంగు వెలిసి ఆకులు రాల్చుకున్నాయి. గులాబీ మొగ్గే తొడగలేదు. ఎన్ని నీళ్ళు పోసినా వేపవేళ్ళే తాగేశాయి. బంతి నారును మేకలు మేసిపోయాయి. చివరికి ఒకడు ఆమె చూస్తుండగానే గులాబీ మొదట్లో పోసి, "నీళ్ళు లేక చస్తంది పాపం," అని నవ్వుకుంటూ పోయాడు.

ఆ పూట ఆమెకు అన్నం సయించలేదు.

తర్వాత శావల్యాపురంలో పెళ్ళికి వెళ్ళి వస్తుంటే దారిలో బస్సు చెడింది. అందరూ దిగి చింతతోపులో కూర్చున్నారు. షాహిస్తా మాత్రం చెట్ల మొదళ్ళు చూసుకుంటూ తిరిగింది. నీళ్ళు పోసే దిక్కులేని గట్టి నేలలో, ఎండ దూరని నీడలో ఒక పొద నిగనిగలాడుతోంది. అడ్డసరం. ఆ పక్కనే మేస్తున్న మేకలు దానికి మూతి కూడా పెట్టడం లేదు. ఆకు తుంచి నలిపి చూసింది. ఘాటు వాసన. కొమ్మలు విరిచి, పెళ్ళిలో ఇచ్చిన సంచిలో కుక్కుకుంది.

వానలు పడగానే ఆ కొమ్మలు గోడ పొడవునా నాటింది. గోడకూ వాటికీ మధ్య తాను తిరగడానికి కాస్త సందు వదిలింది. రోడ్డు వైపు చాగనార పిలకలు పెట్టింది. కత్తుల్లా నిలబడే ఆ ఆకులు నీళ్ళు లేకపోయినా చావవు. వేపవేళ్ళ సందుల్లో గుంటలు తీసి పాతపేడ నింపింది. తవ్వుతున్నంతసేపూ ముక్కుకు గుడ్డ కట్టుకునే ఉంది. మట్టిలోంచి కూడా అదే కంపు.

మరుసటి ఏడు మిరపకోతల నాటికి అడ్డసరం భుజాల ఎత్తుకు లేచి తెల్లగా పూసింది. మగాళ్ళు వచ్చారు, చాగనార చూశారు, గొణుక్కుంటూ అవతలి కరెంటు స్తంభం దగ్గరికి పోయారు. సుభానీ గోడకు సున్నం వేయించాడు. షాహిస్తా నమాజు గది కిటికీ తీసి పెట్టుకుంది.

నాలుగు రోజులకే దాన్ని మళ్ళీ మూయాల్సి వచ్చింది. కంపు మళ్ళీ మొదలైంది. ఈసారి రోడ్డు మీంచి కాదు, పొదల వెనకనుంచి.

"లోపలికి దూరి మరీ పోస్తన్నాడు. వీడు మనిషా, పశువా?" అంది.

"ఎవడని కాపలా కాస్తావు? కొట్టించేద్దాం ఆ పొదలు," అన్నాడు సుభానీ.

"ముందు వాడి మొహం చూడనీయండి."

మర్నాడు తెల్లవారుజామున నమాజు అయ్యీ కాకముందే ఆకులు గలగలమన్నాయి. ఆమె బకెట్టు నిండా చన్నీళ్ళు పట్టుకుంది. నెత్తిన కుమ్మరిస్తే చలికి వణికి చావాలి, మళ్ళీ ఈ వైపు చూడకూడదు. గేటు తీసి పొదల మొదటికి వచ్చి నిలబడింది.

"ఎవడ్రా అది? బైటికి రా."

కొమ్మలు పక్కకు జరిగాయి. తలకు తువ్వాలు చుట్టుకున్న ఒక పెద్దామె బయటికి వచ్చింది. వెంకాయమ్మ. మిరపకోతలకు పోవడానికి రోజూ ఆటో కోసం స్టాండులో నిలబడే కూలి మనిషి. షాహిస్తా ఎత్తిన బకెట్టు అలాగే ఆగిపోయింది.

వెంకాయమ్మ బెదరలేదు. రెండు చేతులూ జోడించింది.

"ఈ చెట్లు పెట్టింది నువ్వేనా తల్లీ? ఇంటికాడ దొడ్డి లేదు, చేలో మేస్త్రీ కళ్ళముందే ఉంటాడు. పొద్దున లేస్తే నీళ్ళు తాగాలంటే భయపడేవోళ్ళం. మా బాధ కనిపెట్టి చాటు కట్టిచ్చావు. రోజూ నీకు దణ్ణం పెట్టుకుంటన్నాం."

షాహిస్తా బకెట్టు కిందికి దించింది. వెంకాయమ్మ ఆమె చేతిలోని బకెట్టు చూసింది. మొహం విప్పారింది. మెల్లగా దాన్ని అందుకుని, పొదల్లోకి తిరిగి కేకేసింది.

"ఏమేవ్, అప్పుడే ఎవురూ బైటికి రామాకండి. అమ్మ నీళ్ళు గూడా తెచ్చింది."