ఆదివారం ప్యాంటు

“ఊపిరి బిగపట్టండి. ఇంకా... ఇంకొంచెం...”

భార్య రెండు చేతులా లాగితే తప్ప ప్యాంటు కొక్కెం పడలేదు. బేకరీ మాస్టర్ మంచం అంచున కూలబడ్డాడు.

“మూడు వారాలే! పొద్దున్నే నడక, పంచదార లేని టీ, రాత్రికి అరకడుపు. పొయ్యిలోంచి కేకు తీసి నేనే మొహం తిప్పుకుంటున్నాను. అయినా అంగుళం తగ్గలేదు. దేవుడికి నామీద పట్టింపు లేదే. ఇక నావల్ల కాదు.”

అంత మనిషికీ కళ్లలో నీళ్లు తిరిగాయి. భార్యకి భయం వేసింది. నెల క్రితం డాక్టర్ అన్న మాట ఇంకా ఆమె చెవుల్లోనే ఉంది. “నడుం తగ్గాలి, నడక పెరగాలి, రక్తపోటు బిళ్ల ఒక్కపూట కూడా ఆపకూడదు. కాదంటే ఏదో ఒకరోజు నిలబడ్డచోటే కుప్పకూలతారు.”

“ఇంకొక్క వారం నడవండి. నాకోసం,” అంది.

ఆయనగారి కొలతంతా ఈ బూడిదరంగు ప్యాంటుతోనే. బేకరీలో కట్టేది బొందు పైజమా, అది ఎంత పొట్టతోనైనా సర్దుకుపోతుంది. బెల్టు పెడితే పొట్టలో గుచ్చుకుంటుంది. చర్చిలో ఆరోగ్య సహవాసం వాళ్లు బరువు చూసే మిషను పెట్టారు కానీ, “నేనెక్కితే దాని ముల్లు విరుగుతుంది” అని నవ్వేసి తప్పించుకునేవాడు. ఇక మిగిలింది ఆరాధనకి వేసుకునే ఈ ఒక్క ప్యాంటు. కుట్టింది భార్యే. వీధిలో సగంమంది బట్టలు ఆమె మిషను మీదే తయారవుతాయి. మొగుడి ప్యాంటుకి మాత్రం వెనక కుట్టు లోపల రెండు వేళ్ల గుడ్డ ఎక్కువ వదిలింది. “కేకులు కాల్చే మనిషి, ముందుముందు అవసరపడుతుంది,” అని అప్పట్లో ఎగతాళి కూడా చేసింది.

తర్వాతి ఆదివారం కొక్కెం దానంతటదే పడింది.

“ఏమే! ఇటు రా! వేలు దూరుతోంది చూడు!”

“దేవుడు ఆలకించాడు. బిళ్లలు మాత్రం మానకండి,” అంది భార్య, ఇస్త్రీపెట్టె తీగ చుడుతూ.

ఇక ఆయన్ని పట్టేవాళ్లు లేరు. నడక రెండుపూటలా అయింది. పిండి పిసికేవాళ్లని కూడా వదల్లేదు. “ఒళ్లంటే దేవుడు మనకి అద్దెకిచ్చిన ఇల్లురా. అద్దె ఇంటి గోడలు పాడుచేస్తే ఇంటాయన ఊరుకుంటాడా?” అని పాఠాలు చెప్పాడు. వారం వారం ప్యాంటు వదులవుతూనే ఉంది.

శనివారం సాయంత్రం ప్రార్థన ముగించుకుని వచ్చేసరికి భార్య మిషను దగ్గరే ఉండేది. ఒకసారి బూడిదరంగు దారం చూసి అడిగాడు.

“ఎవరివే?”

“ఒకాయనవి. రేపటికే కావాలట.”

తర్వాత మొగుడి ప్యాంటు మీద తడిగుడ్డ పరిచి, నొక్కి నొక్కి ఇస్త్రీ చేసేది. నేను చేస్తానని చెయ్యి వేస్తే కసిరేది. “మాడ్చేస్తారు. ఇది రొట్టె కాదు.”

మూడోసారి వదులైన రోజునే ఆయన ఒక నిర్ణయానికి వచ్చాడు. దేవుడు బాగుచేసిన ఒంటికి ఇంకా బిళ్ల దేనికి? అది అపనమ్మకం కాదూ? రోజూ పొద్దున్న భార్య చేతిలో పెట్టిన బిళ్లని జేబులో వేసుకుని, బేకరీ పొయ్యిలో పారేసేవాడు. చర్చిలో లేచి దేవుడు చేసిన మేలు గురించి సాక్ష్యం చెప్పే రోజున అందరి ముందూ బయటపెట్టి, ఆమెని ఆశ్చర్యపరచాలని ఆయన సరదా. తల బరువుగా ఉంటే అరకడుపు తిండి వల్ల అనుకున్నాడు.

పాస్టర్‌గారు ఒకటికి రెండుసార్లు అడిగారు కూడా. “బిళ్లలు వేసుకుంటున్నావుగా, బ్రదర్? దేవుడు డాక్టర్ల చేత కూడా పని చేయిస్తాడు.”

“వేసుకుంటున్నానండీ,” అని చర్చి మెట్ల మీదే అబద్ధమాడాడు.

అయిదోసారి వదులైన ఆదివారం సాక్ష్యం చెప్పడానికి లేచాడు. భార్య రెండో వరసలో తల వంచుకుని కూర్చుంది. సిగ్గుపడుతోందనుకున్నాడు.

“చూడండి!” అని ప్యాంటు నడుం ముందుకి లాగాడు. “పిడికిలి పడుతోంది! ఎవరు చేశారండీ ఇది? నా దేవుడు! ఇంకో సంగతి చెప్తాను, నా భార్యకి కూడా తెలీదు. బిళ్లలు కూడా నేను...”

మాట అక్కడ ఆగింది. పట్టుకున్న కుడిచెయ్యి జారింది, ప్యాంటూ జారింది. ముందు వరసలో పిల్లలు ఘొల్లుమని నవ్వారు. కావాలనే చేశాడనుకుని ఎవరో చప్పట్లు కూడా కొట్టారు. మనిషి పక్కకి ఒరిగిపోయాక గానీ పాస్టర్ పరుగెత్తుకు రాలేదు.

పక్షవాతమన్నారు. కుడివైపు పడిపోయింది, నోరు వంకరపోయింది. బిళ్లలు వేసుకుంటున్నారా అని ఆసుపత్రి డాక్టర్ అడిగితే, తల అడ్డంగా ఊపాడు. పక్కనే ఉన్న భార్య గోడకి చేరగిలబడిపోయింది.

“మానేశారా? రోజూ నా చేత్తో ఇచ్చానే! నాతో ఒక్క మాట అనలేకపోయారా?”

“త... తగ్గా... గా,” అన్నాడు కష్టపడి. “ప్యాం... టు...”

ఆమె నోటికి కొంగు అడ్డం పెట్టుకుని బయటికి పరుగెత్తింది. కోపం వచ్చిందనుకున్నాడు. రానీ, తగ్గింది మాత్రం నిజం కదా. ఆ ఒక్క తృప్తి ఆయనకి మిగిలింది.

నర్సు మడిచి మంచం మీద పెట్టిన ప్యాంటుని ఎడమచేత్తో దగ్గరికి లాక్కున్నాడు. నడుం ఎంత వదులో ఇంకోసారి చూసుకుందామని తిరగేసి, కిటికీ వెలుతురుకి ఎత్తి పట్టాడు. వెనక కుట్టు లోపల భార్య వదిలిన ఆ రెండు వేళ్ల గుడ్డ కోసం బొటనవేలితో తడిమాడు, తగల్లేదు.

కుట్టుకి అటూ ఇటూ పాత సూది చిల్లులు, అయిదేసి వరసలున్నాయి.