రెండు ట్రక్కుల నైట్రోజన్

"మా ట్యాంకు కారుతోంది మేడమ్. సాయంత్రంలోగా ఒక ట్రక్కు ద్రవ నైట్రోజన్ పంపకపోతే లోపలున్న నలుగురూ కరిగిపోతారు," అన్నాడు ఫోనులో పోటీ సంస్థ మేనేజరు. వాళ్ళదీ మాదీ ఒకటే పని: చనిపోయినవాళ్ళని, ఎప్పటికైనా బతికించే రోజు వస్తుందని గడ్డకట్టించి దాచడం.

మా డైరెక్టరు లోర్నా పగలబడి నవ్వింది. "మమ్మల్ని ఐసు కొట్టు వాళ్ళని పత్రికలో రాశారుగా! ఐసు కొట్టుతో మీకేం పని?"

"అది రాసింది మా వెండెల్. ఆయనా ఆ ట్యాంకులోనే ఉన్నాడు."

లోర్నా నవ్వు ఆగిపోయింది. "తలకిందులుగానే పెట్టారా?"

"అందరినీ అలాగే కదా పెడతాం, తల చివరిదాకా మునిగి ఉండాలని. నైట్రోజన్ తగ్గి ఇప్పటికే మోకాళ్ళ దాకా బయటపడ్డాయి."

బయట ఫీనిక్స్ నగరపు ఎండ నిప్పులు చెరుగుతోంది. లోర్నా నావైపు తిరిగి, "మన రెండు ట్రక్కులూ పంపించు," అంది.

మేనేజరు రెండుసార్లు థాంక్స్ చెప్పాడు. "పాతవన్నీ మరిచిపోయారు. మీది పెద్ద మనసు."

"మరిచిపోవడమా? నిండు సభలో నన్ను అబద్ధాలకోరు అన్నాడు. వారం తిరక్కుండా, నేను నోరు విప్పకముందే, ఆ ట్యాంకులో దూరాడు. ఎన్నేళ్ళకైనా సరే, వాడు లేవాలి. లేచి నా జవాబు వినాలి. అప్పటిదాకా వాడి చెవులు జాగ్రత్త!"