అర సెంటీమీటరు తక్కువ

ఆగండాగండి, ఆ ఫోను కాస్త పక్కన పెట్టి ఇది వినండి, రెండే రెండు నిమిషాలు. ఆసుపత్రిలో ఎత్తు కొలిచే గది. సిస్టర్ పిల్లాడి తల మీదికి చెక్క దించిందో లేదో, వాడి మేనత్త మధ్యలోకి దూరిపోయింది.

"తప్పుకోమ్మా, అంకె నేను చూస్తా. కళ్ళజోడు తెచ్చుకున్నదే అందుకు!"

పిల్లాడికి పదమూడేళ్ళు. ఆడపిల్లగా పుట్టాడు, కానీ నేను మగపిల్లాణ్ణే అంటాడు. ఒంట్లో వయసు మార్పులు రాకుండా ఆపే సూది మూడు నెలలకోసారి వేయించుకుంటున్నాడు. నాన్న వాణ్ణి బుడ్డోడా అంటాడు. అత్త మాత్రం బుడ్డిదానా అంటుంది, కావాలనే, సాగదీసి మరీ.

అత్త వేలు నాలిక మీద తడుపుకుని వాడి జుట్టు అణిచింది.

"నూట నలభై మూడున్నర!" అని అరిచింది అత్త. సిస్టర్ చేతిలోంచి ఎత్తు రాసే కార్డు లాక్కుంది. "పోయినసారి నూట నలభై నాలుగు! తమ్ముడూ, చూశావా? ఎదగడం మాట దేవుడెరుగు, సబ్బుబిళ్ళలా అరిగిపోతోంది పిల్ల!"

ఆ మొహంలో సంబరం చూడాలి! పిల్లాడు పొట్టైపోతే పండగా ఈవిడకి? సిస్టర్‌కి ఒళ్ళంతా కంపరమెత్తింది.

"ఇంకోసారి కొలుస్తానండీ."

కొలిచింది. అదే అంకె. మూడోసారి వాడు ఊపిరి బిగబట్టి మెడ సాగదీశాడు. మడమలు కొంచెం లేచాయి.

"దించవే, దొంగమొహమా!" అత్త చెప్పుకాలితో వాడి పాదం తొక్కేసింది.

"ముందు మీ కాలు తీయండి!" అంది సిస్టర్ పళ్ళు నూరుతూ.

గుమ్మంలో నిలబడ్డ నాన్న గొణిగాడు. "అక్కా, వాడి మానాన వాణ్ణి ఉండనీవే."

అందరూ డాక్టరమ్మ గదిలోకి వెళ్ళారు. వెనకే సూది ట్రేతో సిస్టర్. డాక్టరమ్మ కార్డు ముందుకీ వెనక్కీ తిప్పింది.

"చూడండీ, ఈ సూది వేస్తున్నన్నాళ్ళూ ఎదుగుదల నెమ్మదిస్తుంది. తోటి పిల్లలు ముందుకెళ్ళిపోతారు. ఎముకల చివర్లు ఇంకా మూసుకోవు కాబట్టి తర్వాత మెల్లగా సాగుతారు. దానికి భయం లేదు. కానీ నెమ్మదించడం వేరు, తగ్గడం వేరు." తల ఎత్తింది. "సిస్టర్, పోయినసారి సరిగ్గానే కొలిచావా?"

"సరిగ్గానే మేడమ్."

పిల్లాడు ఒక్కసారి సిస్టర్ వైపు చూసి తల దించుకున్నాడు.

"అయితే ఎముకల్లో ఏదో తేడా ఉంది. పరీక్షలయ్యేదాకా సూది ఆపుదాం."

"నే చెప్పలా!" అత్త చప్పట్లు కొట్టినంత పని చేసింది. "బంగారం లాంటి పిల్లని బొమ్మని చేశారు కదరా!"

నాన్న కార్డు తీసుకుని మడిచి జేబులో పెట్టుకున్నాడు. తర్వాత అన్నాడు, "పరీక్షలూ వద్దు, ఏమీ వద్దు డాక్టరమ్మా. దీనికి ఇంక సూదులు చాలు."

దీనికి! ఇందాకటిదాకా వీడు, వాడు అన్న నోరే!

పిల్లాడు ఏడవలేదు. మొహం మాత్రం పాలిపోయింది. అత్త వాడి రెక్క పట్టుకుని బరబరా వరండాలోకి లాక్కెళ్ళింది. వెనకే సిస్టర్ ట్రేతోనే గబగబా వచ్చింది. ఆ పట్టు చూస్తే ఆవిడ మొహాన ఉమ్మెయ్యాలనిపించింది.

నాన్న లిఫ్టు మీట నొక్కుతున్నాడు. పిల్లాడు చెయ్యి విడిపించుకుని వెనక్కొచ్చాడు. ఇంకెవరికీ వినపడకుండా, సిస్టర్ చెవి దగ్గర గుసగుసగా అన్నాడు.

"అత్త లేకపోతే పోయినసారిలాగే ఇవాళ కూడా నేను బాధపడకుండా ఒక సెంటీమీటరు కలిపి రాసేవారు కదా సిస్టర్? మీ ఉద్యోగం పోతుందని నేనే లోపల నోరెత్తలేదు."

లిఫ్టు వచ్చింది. డాక్టరమ్మ గది తలుపు ఇంకా తెరిచే ఉంది. చెప్పండి, ఆ ట్రే మీ చేతుల్లో ఉంటే మీరేం చేస్తారు?