తను చేయించిన బెంచీ

మాజీ మంత్రికి నడుం లాగేస్తోంది. బెంచీకి వీపు ఆనించుకునే చెక్క లేదు.

తప్పు వడ్రంగిది కాదు. మంత్రిగా ఉన్న రోజుల్లో తనే దగ్గరుండి అలా చేయించాడు. సుఖంగా ఉంటే అర్జీల వాళ్ళు ఓ పట్టాన లేవరని.

"ఏం పని మీద వచ్చారు?" పక్కన కూర్చున్న లారీల యజమాని అడిగాడు. తనెవరో అతను గుర్తుపట్టినట్టు లేదు.

"కోల్డ్ స్టోరేజీ కట్టానండి. ఉన్నదంతా ఊడ్చి అందులోనే పెట్టాను. కరెంటు లైనుకి మంత్రిగారి సంతకం కావాలి. అక్కడ బంగాళాదుంపలు బస్తాల్లోనే మొలకలేస్తున్నాయి."

"పొద్దున్నే ఇంటి దగ్గర పట్టుకోవాల్సింది!"

"అదీ అయింది. ఇంట్లో ఫైళ్ళ మాటెత్తితే ఊరుకోరు. పనుంటే ఆఫీసుకొచ్చి వరసలో కూర్చోమన్నారు."

ఆ రూలూ తనదే. తన హయాంలో అయినవాళ్ళయినా, కానివాళ్ళయినా ఈ బెంచీ ఎక్కాల్సిందే. ఓసారి సొంత భార్యే వీధి కుళాయి కోసం వస్తే మధ్యాహ్నం దాకా కూర్చోబెట్టి, "చూద్దాం" అని పంపేశాడు. ఆ సంగతి సభల్లో చెప్పి చప్పట్లు కూడా కొట్టించుకున్నాడు.

రెండుసార్లు మంత్రిగిరీ వెలగబెట్టాక పార్టీ ఇక టికెట్ ఇవ్వనంది. అతనేం దిగులు పడలేదు. వ్యాపారం తను చూసుకుంటాడు, సీట్లో మన మనిషి ఉంటే చాలు. ఏరికోరి, నోట్లో నాలుక లేని మనిషిని నిలబెట్టించి గెలిపించాడు. చూపించిన చోటల్లా సంతకం పెడతారనుకున్నాడు.

మంత్రి అయిన మర్నాడే ఆ నోట్లో నాలుక మొలిచింది.

బంట్రోతు తలుపు తీశాడు. "రండి సార్, మీ వంతు."

లోపల బల్ల, కుర్చీ, కిర్రుమనే ఫ్యాను, అన్నీ పాతవే. చుట్టూ ఇంజనీర్లు నిలబడి ఉన్నారు. చేతులు జోడించక తప్పలేదు.

మంత్రిగారు ఫైలులోంచి తలెత్తలేదు.

"ఆ లైను ముందు ఆస్పత్రికి వెళ్తుంది. మీ గోదాము సంగతి తర్వాత."

"అందాకా దుంపలు ఆగవండీ!"

"రోగులు ఆగుతారా?"

ఇంజనీర్లు మూతులు బిగించి నవ్వాపుకున్నారు.

"పోనీ, ఎప్పటికవుతుందో..."

"చూద్దాం."

ఆ మాటకి అర్థం ఆ గదిలో అతనికి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. వెనక్కి తిరిగాడు. గుమ్మం దాటబోతుంటే మంత్రిగారి గొంతు వినిపించింది, ఈసారి కాస్త మెత్తగా.

"ఏమండీ, ఇంటికెళ్ళగానే అత్తయ్యకి మాత్రలు ఇవ్వండి, నాకు ఈ పూట ఆలస్యమవుతుంది."