ఇసుకలో నత్తలు

చెప్పులో కాలు పెట్టగానే కరక్కుమంది.

ఆ తర్వాత బొటనవేలి కింద చల్లగా, మెత్తగా, జిగురుగా ఏదో నలిగింది. కోడలు చెప్పు విదిలించి బాత్రూంలోకి పరిగెత్తింది. సబ్బు పెట్టి నాలుగుసార్లు కడిగినా ఆ కాలు తనది కాదనిపించింది.

నత్త. మొలలా పొడుగ్గా, కొస తేలిన నల్ల నత్త. అక్వేరియం దిగి, హాలంతా దాటి, తీరుబడిగా వచ్చి ఆమె చెప్పులో కాపురం పెట్టింది.

ఇదంతా ఆ క్లీనరు నిర్వాకం.

అక్వేరియం మామగారిది. ఏడు నెలల కిందట పక్షవాతం వచ్చి ఆయనకి కుడిచెయ్యీ, మాటా రెండూ పడిపోయాయి. చెయ్యి కాస్త కదులుతోంది గానీ మాట రాలేదు. చూపించిన డాక్టర్లందరూ టైం పడుతుందన్నారు. రోజంతా చేపల ముందు కుర్చీలో కూర్చునేవారు. 'అమ్మాయ్' అనే ఆ పిలుపు కోసం కోడలు మొహం వాచిపోయి ఉంది.

నీళ్ళు పచ్చబడ్డాయని మూడు వారాల కిందట అక్వేరియం షాపుకి ఆమే ఫోన్ చేసింది. మాట పడిపోయిన పెద్దాయన చూసుకునే చేపలు, కాస్త మంచివాణ్ణి పంపమని మరీ మరీ చెప్పింది. గంటలో దిగాడు ఈ మనిషి. అరవై దాటిన వయసు, మోకాళ్ళ దాకా మడిచిన ప్యాంటు, పాచి మరకల చొక్కా, చేతిలో నీళ్ళు కారుతున్న సంచి. సంచిలోంచి కుళ్ళిన నాచు కంపు.

తొట్టి కడగడానికి వచ్చినవాడు చెత్త తీసి పోతాడు. ఈయన నత్తల్ని తెచ్చి పోశాడు. అవి పగలు ఇసుకలో దూరి ఉంటాయనీ, ఇసుకని గుల్లగా ఉంచుతాయనీ, సాయంత్రం వెలుతురు తగ్గాక ఒక్కొక్కటే పైకొస్తాయనీ చెప్పాడు. పిల్లలు పెడతాయా అని ఆమె భయంభయంగా అడిగింది. లెక్కే ఉండదమ్మా అన్నాడు సంతోషంగా. ఆ పూట ఆమెకి అన్నం సయించలేదు.

అప్పట్నించీ రోజు విడిచి రోజు, సాయంత్రమయ్యేసరికి తయారు. పని తక్కువ, కూర్చోవడం ఎక్కువ. మామగారి పక్కన స్టూలు వేసుకునేవాడు. ఇద్దరూ అద్దానికి ముక్కులు ఆనించి, ఆ పాకే కండముద్దల కోసం కాపు కాసేవారు. ఆ దృశ్యం చూడలేక, ఆ కంపు భరించలేక, ఆమె వంటింట్లోకి పోయి తలుపేసుకుని రేడియో పెట్టుకునేది.

చెప్పు సంగతి జరిగిన రోజే సాయంత్రం, టీ పెడదామంటే వడపోసే జల్లెడ కనబడలేదు.

హాల్లోకొచ్చి చూస్తే అది మామగారి కుడిచేతిలో ఉంది. అందులో నాలుగు నత్తలు. క్లీనరు ఆ చేతి కింద తన చెయ్యి ఆసరాగా పెట్టి ఉన్నాడు.

ఆమెకి ఒళ్ళు మండిపోయింది.

"అది మేం టీ వడపోసుకునే జల్లెడ. జబ్బు మనిషి చేత ఆ రోతంతా ముట్టిస్తారా? రేపట్నించి మీరు రావద్దు."

తప్పేనమ్మా అన్నాడు క్లీనరు. జల్లెడ కడిగి ఇచ్చాడు. గుమ్మం దగ్గర మాత్రం ఆగాడు.

"నన్ను రావద్దంటే రాను. నత్తల్ని ఓ నెల ఉండనివ్వండమ్మా. సాయంత్రం పూట ఆయన పక్కన మీరు కూర్చోండి, చాలు."

ఆమె తలుపు వేసేసింది. జల్లెడని చెత్తబుట్టలో పారేసింది.

మర్నాడు చేపల్ని గిన్నెలోకి మార్చి, ఇసుకంతా బకెట్‌లోకి తోడి, సలసలా కాగే నీళ్ళు కుమ్మరించింది. లేచిన వాసనకి రెండుసార్లు వాంతి అయింది. అయినా వదల్లేదు. ఇసుక కడిగి మళ్ళీ పరిచింది. తొట్టి తళతళలాడింది.

వారం రోజులు ఇల్లు ఇల్లులా ఉంది. మామగారే అన్నం సరిగ్గా తినడం మానేశారు. ఎనిమిదో నాటి సాయంత్రం ఆమెకి బెంగ పుట్టి, స్టూలు లాక్కుని ఆయన పక్కన కూర్చుంది.

వెలుతురు తగ్గింది. వేణ్ణీళ్ళు పోసిన రోజు ఏ ఫిల్టరు గొట్టంలో దాక్కుని బతికిందో, ఇసుక కదిలి ఒక నత్త పైకొచ్చింది. ఛీ, ఇంకా మిగిలే ఉందా అని ఆమె చెయ్యి ఎత్తింది.

మామగారు ఆ చెయ్యి పట్టుకుని ఆపారు. వణికే కుడిచేతి వేలు అద్దానికి ఆనించారు.

"ఒ... కటి."

ఏడు నెలల తర్వాత ఆ గొంతు.

వేలు ఇసుక పొడవునా జరిగింది. ఆ మూల వెతికింది, ఈ మూల వెతికింది. నోరు తెరిచే ఉంది. రెండోది రాలేదు. ఆయన చెయ్యి దింపేసి కళ్ళు మూసుకున్నారు.

వంటింట్లో రేడియో వింటూ గడిపిన సాయంత్రాలన్నీ ఆమెకి గుర్తొచ్చాయి. రోత పుట్టింది. ఈసారి తన మీద తనకే.

ఉన్న ఫళాన షాపుకి పరిగెత్తింది. నత్తలు ఎన్నుంటే అన్నీ ఇమ్మంది. ఆ క్లీనర్ని కూడా మళ్ళీ పంపమంది, కాళ్ళు పట్టుకుని బతిమాలుకుంటానంది.

షాపాయన ఆమెకేసి జాలిగా చూశాడు.

ఆమె ఫోన్ చేసిన రోజు వాళ్ళ క్లీనరు అసలు పనిలోకే రాలేదట. చేపలు కొనడానికొచ్చిన పెద్దాయనొకరు మామగారి సంగతి విని, ఆ ఇంటికి నేను వెళ్తానన్నారట.

"ఆయన ఎక్కడుంటారు?" అంది ఆమె.

"నిన్న పొద్దుటి బండికి కూతురి దగ్గరికి వెళ్ళిపోయారమ్మా, ఇక ఈ ఊరు రారు. పెద్దాసుపత్రిలో మాట పడిపోయినవాళ్ళకి ముప్పై ఏళ్ళు మాటలు నేర్పిన డాక్టరు ఆయన, మీ మామగారి కోసమే రెండుసార్లు ప్రయాణం వాయిదా వేసుకున్నారు."